కాల్చనిది

ఇరవై రెండేళ్లుగా మా ఆయన ఛెనా పోడా కాలుస్తున్నాడు
పర్లాకిమిడిలో, బిసోయి గారి మిఠాయి కొట్టు వెనక,
ఒక్క ముక్కైనా నోట పెట్టకుండా.

తవిటయ్య అని పిలవడానికి నోరు తిరక్క
బిసోయి గారు 'తొబిటొ' అంటాడు.
తొబిటోకి పాలు పడవు.
చిన్నప్పుడు జున్ను తిని మూడ్రోజులు మెలికలు తిరిగాడట.
అలాంటివాడు
విరిగిన పాలలో మోచేతుల దాకా మునిగి ఇంటికొస్తే
చొక్కాకి మాడిన చక్కెర వాసన,
చేతులకి గుగ్గిలం ఆకు వాసన,
కంచంలో చింతపండు చారు.

"ఎలాగుంటాదో" అని ఒక్కసారే అన్నాడు,
మొన్న రజ పండక్కి
ముప్పై మూకుళ్లు కాల్చి అమ్మేసిన రాత్రి.
నాతో కాదు,
చెప్పులు విప్పుతూ గుమ్మంతో.

గునుపూర్ హాస్టల్ నుంచి మేనకోడలు చెప్పింది ఫోన్లో,
"చీజ్ లేని చీజ్‌కేకుంది అత్తా,
పొయ్యి కూడా అక్కర్లేదు. వీగన్ అంటారు."
పెళ్లికొడుకు లేని పెళ్లిలా ఉందే అనుకున్నాను.
అయినా కొంగు దోపాను.

చోళ్లు నానబెట్టి తడిగుడ్డలో మూట గడితే
రెండో రోజుకి తెల్లటి మీసాలొచ్చాయి.
నీడనార్చి, దోరగా వేయించి,
విసిరి, జల్లించాను.
అదేనట మాల్టు!
మా అమ్మ నన్ను పెంచిందే దాంతో,
పేరు తెలీకుండా.

కాశీబుగ్గ జీడిపప్పు, ముక్కలే.
గుండ్లు కొనే తాహతు లేదు,
రుబ్బేదానికి అందమెందుకు?
రెండు కాయల చిక్కటి కొబ్బరిపాలు,
కాస్త కొబ్బరినూనె, బెల్లం పాకం, అరచెక్క నిమ్మకాయ,
డబ్బాలో అమ్మే చేదు కోకో గుండ.
మిక్సీ మూడుసార్లు వేడెక్కి అలిగింది.
బతిమాలుకున్నాను.

అడుక్కి వేరుశెనగలూ ఖర్జూరాలూ దంచి పరిచాను.
దానికింద గుగ్గిలం ఆకు వేశాను,
అతని చేతికి తెలిసిన ఆకు.

ఇక నిప్పు పనిలేదు, చలి కావాలి, ఆరు గంటలు.
సరిగ్గా అప్పుడే మహేంద్రగిరి మీద ఉరిమింది,
కరెంటు పోయింది.

డబ్బా చంకన పెట్టుకుని వానలో నడిచాను
గదాధర్ పాత్రో మందుల షాపుకి.
అతనికి ఇన్వర్టరుంది.
నాకొచ్చిన ఒడియా సగం, అతనికొచ్చిన తెలుగు సగం,
రెండు సగాలూ అతికించి అడిగాను,
"భాయినా, నీ ఫ్రిజ్‌లో కాస్త చోటియ్యి."
"కొణొ అఛి?"
"ఛెనా పోడా."
మూత తీశాడు.
"ఛెనా ఏదీ?"
"లేదు."
"పోడా?"
"కాల్చలేదు."
కళ్లద్దాల పైనుంచి నన్ను చాలాసేపు చూసి
ఇన్సులిన్ పెట్టెలు పక్కకి జరిపాడు.

రాత్రి తొమ్మిదిన్నర. కొవ్వొత్తి వెలుగు.
కత్తి చప్పుడు లేకుండా దిగింది.
ముందు అంచు చూశాడు,
నల్లగా మాడిన గీత కోసం.
వేలితో నొక్కాడు. వాసన చూశాడు.
"ఇది కాల్నేదే," అన్నాడు పనివాడి గొంతుతో,
"ఇంకో గంటుండాల."
"తిను."

తిన్నాడు.
ముందు చేదు, తర్వాత చోడి వాసన,
ఆ వెనక ఎక్కడో చల్లగా తీపి.
బాగుందనలేదు.
రెండో ముక్క కోసుకున్నాడు నన్నడక్కుండా.
మూడోది కోస్తూ చెయ్యాపి
"పాత్రోకి ఉంచాలి గదా" అన్నాడు.
ఆకుకి అంటిందంతా వేలితో తుడిచి నాకాడు,
ఏ పండక్కీ చూడలేదు నేనతన్నలా.

తెల్లారి అయిదింటికి భట్టీ అంటించడానికి వెళ్తూ,
చెప్పులు తొడుక్కుంటూ,
ఈసారి నాతోనే అన్నాడు,
"ఛెనా పోడా అచ్చం ఇలాగే ఉంటాదా?"

నేను తిన్నదాన్నే, ఎన్నోసార్లు,
అతను కాల్చిందే.
"ఉండదు," అన్నాను.

కాసేపు వీధివైపు చూశాడు.
"అయితే మంచిదే."